గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వరద భయం: వారం రోజుల తిండి ఇంట్లో ఎలా నిల్వ పెట్టుకోవాలి?

బుడమేరు_గట్టు:

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మాది. పైన డాబా, మెట్లగది ఉన్నాయి. ఇంట్లో అయిదుగురం: మేమిద్దరం, 14, 10 ఏళ్ల పిల్లలు, షుగరున్న మా అత్తగారు. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి ఈ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు తీయలేదు. తిండి పొట్లాలు పడవల్లో, హెలికాప్టర్లలో, చివరికి డ్రోన్లతో కూడా అందించాల్సి వచ్చింది. అందుకని బయటి సాయం అందకపోయినా వారం గడిచేలా తిండి, నీళ్లు సిద్ధంగా పెట్టుకుందామనుకుంటున్నాం.

ఏ సరుకు ఎంత ఉండాలి? మొదటి రెండు మూడు రోజులు పొయ్యి వెలిగించే వీలు లేకపోతే ఏం తినాలి? వర్షాకాలం వచ్చేసరికి బియ్యంలో పురుగు, పప్పులో పుచ్చు, రవ్వలో గూళ్లు మామూలే, వాటి సంగతేంటి? ఆన్‌లైన్‌లో 25 ఏళ్లు నిల్వ ఉంటుందని అమ్మే డబ్బాలు, ఆక్సిజన్ అబ్జార్బర్ పొట్లాలు మనకి పనికొస్తాయా? అనుభవం ఉన్నవాళ్లు లెక్కలతో సహా చెప్పగలరు.

కాకినాడ_కిరాణా:

ముందు ఎన్నాళ్లు నిల్వ ఉండాలో తేల్చుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మన కోస్తాలో జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర. అంటే జూన్ నెలాఖరుకి సరుకు సర్దేస్తే అది సంక్రాంతి దాకా ఆగితే చాలు. ఏడు నెలలు. పండక్కి ఆ బియ్యం, బెల్లం, పప్పు, నూనె వంటల్లో ఖర్చయిపోతాయి, మళ్లీ జూన్‌లో కొత్తవి. 1990లో లాగా మే నెలలో వచ్చే తుపాన్లూ ఉన్నాయి కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా సగం సరుకైనా ఇంట్లో ఉంచండి. పాతికేళ్లు నిల్వ ఉండే తిండి కోసం డబ్బు పోయక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

ఇక లెక్క. మనిషికి రోజుకి బియ్యం, అటుకులు, రవ్వ లాంటివి కలిపి 300 గ్రాములు, పప్పు 75, నూనె 30, పుట్నాలు లేదా వేరుశనగ 50, బెల్లం లేదా పంచదార 40 గ్రాములు వేసుకోండి. ఇది దాదాపు 1900 కేలరీలు. ఇంట్లో కూర్చునే రోజులకి సరిపోతుంది. అయిదుగురికి ఏడు రోజులంటే ఒక మనిషికి 35 రోజుల తిండి. దాని ప్రకారం బియ్యం 5 కిలోలు, మందపు అటుకులు 3, ఉప్మా రవ్వ కిలోన్నర, మరమరాలు కిలో. పెసరపప్పు కిలోన్నర, ఎర్ర కందిపప్పు కిలో. నూనె లీటరు ప్యాకెట్టు ఒకటి, అరలీటరుది ఒకటి. పుట్నాల పప్పు కిలో, వేరుశనగ ముప్పావు కిలో, బెల్లం, పంచదార కలిపి కిలోన్నర. ఉప్పు, పసుపు, కారం, చింతపండు, ఎండుమిర్చి ఎటూ ఉంటాయి.

మామూలు కందిపప్పు ఎందుకు రాయలేదంటే, వేడిలో, చెమ్మలో నెలల తరబడి ఉన్న కందిపప్పు రాయిలా తయారవుతుంది. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పోదు, గ్యాస్ దండగ. పెసరపప్పు, ఎర్ర కందిపప్పు అరగంట నానితే మూత పెట్టిన గిన్నెలో కూడా ఉడికిపోతాయి. కందిపప్పే కావాలంటే కందిపొడి కొట్టి పెట్టుకోండి, అది అన్నంలోకి నేరుగా పనికొస్తుంది.

పొయ్యి లేని మొదటి మూడు రోజులకి అటుకులే ఆధారం. మనిషికి రోజుకి 200 గ్రాములు వస్తాయి. మందపు అటుకులు పది నిమిషాలు నానితే చాలు. తాగే నీళ్లతోనే నానబెట్టాలి, కాబట్టి ఆ నీళ్లు కూడా లెక్కలో వేసుకోండి. నీళ్లు తక్కువైన రోజున మరమరాలు, పుట్నాలు, బెల్లం. ఉత్తి అటుకులు పిల్లలు రెండోపూటకే వద్దంటారు. దానికి పులిహోర పులుసు చేసి పెట్టుకోండి. పావుకిలో చింతపండు గుజ్జుని 200 మి.లీ. నువ్వుల నూనెలో పసుపు, ఉప్పు, ఎండుమిర్చి వేసి, నూనె పైకి తేలి గుజ్జు గరిటెకి అంటుకోకుండా జారేదాకా ఉడికించాలి. నీళ్లు మిగిలితే బూజు పడుతుంది. అందులో వేరుశనగ, శనగపప్పు వేయకండి, మెత్తబడి పాడవుతాయి, తినేటప్పుడు కలుపుకోవచ్చు. చల్లారాక పొడి గాజుసీసాలో పెడితే రెండు నెలలు బాగుంటుంది. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చేసుకుంటే సరి. నానిన అటుకులు ఒక కప్పుకి పెద్ద చెంచాడు చాలు.

గోధుమపిండి, బ్రౌన్ రైస్ ఈ నిల్వలో పెట్టొద్దు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి మన ఎండలకి మూడు నాలుగు నెలల్లో చేదెక్కుతాయి. జంతికలు, చేగోడీలు కూడా అంతే, నెల దాటితే సిక్కు వాసన (పాత నూనె కంపు). తుపాను కబురు వచ్చాక చేసుకునే వంటలవి.

గింజ_నిల్వ:

పైన చెప్పిన సరుకుల లెక్క బాగుంది. నేను పురుగు సంగతి చెబుతాను.

గట్టి మూత డబ్బాలో పోసినా పురుగు ఎక్కణ్ణుంచి వస్తుందని చాలామంది అడుగుతారు. బయటినుంచి రాదు, మిల్లునుంచో దుకాణంనుంచో గింజలోనే వస్తుంది. బియ్యపు ముక్కుపురుగు గింజకి చిన్న కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని మూసేస్తుంది. పైకి ఏమీ కనపడదు. మన వేడిలో నెల రోజులకి అది పెద్ద పురుగై బయటికొస్తుంది. కాబట్టి డబ్బాలో పోసేముందే గుడ్డుని చంపాలి.

ఇంట్లో చేసుకోగలిగిన సులువైన దారి డీప్ ఫ్రీజర్. బియ్యం, రవ్వ, పప్పు కిలో రెండు కిలోల ప్యాకెట్లుగా కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు, మామూలు ఫ్రిజ్ పైఅరలో అయితే వారం ఉంచండి. తీశాక ప్యాకెట్టు వెంటనే విప్పకూడదు. ఒక రోజంతా బయట పెట్టి, పూర్తిగా గది వేడికి వచ్చాకే డబ్బాలో పోయాలి. చల్లటి గింజని గాలి తగిలేలా విప్పితే దాని మీద తేమ కమ్ముకుని, పురుగు చచ్చినా బూజు పడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా పాడైపోయాయి అనేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

రెండో దారి ఎండ. పప్పులకి ఇది మేలైనది. మే నెలలో రెండు మధ్యాహ్నాలు నల్లటి గుడ్డ మీద పలచగా పరిచి, అటూ ఇటూ తిప్పండి. సాయంత్రం నీడలో పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. వేడిమీద పోస్తే తెల్లారేసరికి మూత లోపల నీటి బొట్లు కనిపిస్తాయి. బియ్యాన్ని మాత్రం మండుటెండలో వేయకండి, గింజ పగిలి నూకవుతుంది. బియ్యం నీడలో గాలికి ఆరబెట్టాలి. కొనేటప్పుడే పాత బియ్యం కొనండి, కొత్త బియ్యంలో చెమ్మ ఎక్కువ.

చెమ్మ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. పొడి గాజుసీసాలో పావువంతు బియ్యం పోసి, పెనం మీద వేడిచేసి చల్లార్చిన ఉప్పు రెండు పెద్ద చెంచాలు వేసి, ఒక నిమిషం బాగా ఊపి, పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుంటే గింజలో తేమ 15 శాతం పైన ఉన్నట్టు. ఆ బియ్యం నిల్వకి పనికిరాదు, మళ్లీ ఆరబెట్టాలి. అంటుకోకుండా అడుగుకి రాలితే ఫరవాలేదు.

పప్పుకి ఆముదం పట్టించడం పెద్దవాళ్ల పద్ధతి, దానికి మంచి కారణమే ఉంది. నూనె పొర ఉన్న గింజ మీద పుచ్చుపురుగు గుడ్డు నిలవదు. కిలోకి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., అరచేతికి రాసుకుని పప్పంతా రుద్దితే చాలు. వండేముందు కడుక్కోవాలి. కొనేటప్పుడు పెసలు, అలసందలు లాంటి ముడి గింజల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి గుడ్లే, తీసుకోవద్దు. పొట్టు తీసిన బద్దల మీద ఈ పురుగు తక్కువ, కాబట్టి ఈ నిల్వకి పప్పే నయం.

వేరుశనగ గురించి ఒక గట్టి మాట. ముడతలు పడ్డవి, రంగు మారినవి, బూజు చారలున్నవి, చేదుగా తగిలినవి ఏరి పారేయండి. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, వేయించినా అది పోదు. వీలైతే పొట్టుతో ఉన్న కాయలే పెట్టుకోండి. వేయించిన గుళ్లు నెలా నెలన్నరకి సిక్కు వాసన కొడతాయి, కాయలు సీజనంతా ఆగుతాయి.

బుడమేరు_గట్టు:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపమని మా పక్కింటివాళ్లు అంటున్నారు. గోడౌన్లలో పెట్టే బిళ్లలు ఒకటి రెండు డబ్బాలో వేస్తే ఏడాదైనా పురుగు రాదని ఇంకొకరు. డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే గాలి పోతుందని ఒక వీడియోలో చూశాను. వీటిలో ఏది చేయొచ్చు?

గింజ_నిల్వ:

ఆ గోడౌన్ బిళ్లలు ఇంట్లోకి రానివ్వకండి. దయచేసి ఈ మాట పక్కింటివాళ్లకి కూడా చెప్పండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగలగానే ఫాస్ఫిన్ వాయువు వస్తుంది. పీలిస్తే ప్రాణం పోతుంది, దానికి విరుగుడు మందు లేదు. మూసిన గదిలో, పిల్లలు పడుకునే చోట పక్కన ఒక్క బిళ్ల ఉన్నా ప్రమాదమే. శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు, గిడ్డంగుల్లో పరదాలు కప్పి, తర్వాత గాలి ఆడనిచ్చి వాడే మందు అది.

బోరిక్ పౌడర్ వద్దు. మన ఇళ్లలో చాలా ఏళ్లుగా కలుపుతున్నారు, కడిగితే పోతుందని నమ్మకం. నీళ్ల కరువులో బియ్యం మూడుసార్లు కడగగలమా? ఈ నిల్వ వాడేదే నీళ్లు లేని రోజుల్లో. చిన్నపిల్లలకి అది మరీ చెడుపు. వేపాకు, ఎండుమిర్చి హాని చేయవు కానీ గింజలోపలి గుడ్డుని ఏమీ చేయలేవు. వేపాకు వేస్తే పూర్తిగా ఎండినదే వేయండి, పచ్చిది చెమ్మ పెడుతుంది.

కొవ్వొత్తి సంగతి: గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అది 16 శాతం దగ్గరికి రాగానే మంట ఆరిపోతుంది. పురుగు చావాలంటే ఒక శాతం లోపుకి దిగి, అలాగే రెండు వారాలు ఉండాలి. పైగా మంట వల్ల నీటి ఆవిరి పుట్టి డబ్బాలోనే ఉండిపోతుంది.

ఆక్సిజన్ అబ్జార్బర్‌తో అది నిజంగా సాధ్యం. ఆ పొట్లంలో ఇనుప పొడి ఉంటుంది, తుప్పు పడుతూ ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది. ఎంత సైజుది వేయాలో లెక్క ఇది: 4 కిలోల బియ్యం సుమారు 5 లీటర్ల చోటు పడుతుంది. అందులో గింజల మధ్య ఖాళీ 2.2 లీటర్లు. దానిలో 21 శాతం అంటే 460 సిసి (మి.లీ.) ఆక్సిజన్. కాబట్టి 5 లీటర్ల మైలార్ (గాలి చొరని మెరిసే ప్లాస్టిక్) సంచికి 500 సిసి పొట్లం ఒకటి చాలు, సంచి పైన ఖాళీ వదలకూడదు. ఇస్త్రీపెట్టెతో మూతి అతికించండి. అబ్జార్బర్ల కవరు విప్పాక 20 నిమిషాల్లో పని ముగించాలి, మిగిలినవాటిని వెంటనే చిన్న గాజుసీసాలో బిగించాలి. మర్నాటికి సంచి గింజల ఆకారానికి బిగుసుకుంటే బాగా అతుక్కున్నట్టు, వదులుగా ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. పంచదార, ఉప్పులో వేయొద్దు, రాయిలా గడ్డకడతాయి. చెమ్మ ఉన్న తిండిలో అసలే వద్దు. ఆక్సిజన్ లేని చెమ్మలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఏడు నెలల నిల్వకి ఇదంతా తప్పనిసరి కాదు. ఫ్రీజర్, ఎండ, గట్టి డబ్బా సరిపోతాయి. ఫ్రీజర్ లేనివాళ్లకి మైలార్ మంచిది. ఒకటే ఇబ్బంది, ఎలుక మైలార్‌ని కొరికేస్తుంది. వరద సమయంలో ఎలుకలు పైకెక్కుతాయి కాబట్టి సంచుల్ని రేకు డబ్బాలో పెట్టాలి.

డాబా_ట్యాంకు:

తిండి గురించి అంతా బాగానే చెప్పారు, నీళ్ల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వరదలో ముందు అయిపోయేది నీళ్లే. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు వేయండి. అయిదుగురికి వారానికి 140 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. ఎండ తగలని చోట పెట్టండి. అన్నీ ఒకేసారి అలా పడేసి ఉంచకుండా, ఇంట్లో తాగేది ఆ క్యాన్లే అయితే వాటిలోంచే తిప్పుతూ ఉండండి. ఎప్పుడు చూసినా ఏడు నిండుగా ఉండాలి.

హెచ్చరిక వచ్చిన రోజున డాబా మీద ట్యాంకు నింపి, ఆ తర్వాత మోటారు వేయకండి. సంపులోకి వరద నీరు దిగాక మోటారు వేస్తే ఆ మురుగంతా పైట్యాంకులోకి ఎక్కుతుంది. ఉన్న మంచినీళ్లూ పోతాయి. ట్యాంకు నీళ్లు వాడాలంటే 1000 లీటర్లకి 5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్. మగ్గులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగండి. లేశంగా క్లోరిన్ వాసన రావాలి. మూత విప్పి నెలలు గడిచిన బ్లీచింగ్‌లో బలం ఉండదు, జూన్‌లో కొత్త ప్యాకెట్టు కొనండి. క్లోరిన్ బిళ్లలైతే ప్యాకెట్టు మీద ఎన్ని లీటర్లకని ఉందో అంతే. నీరు బురదగా ఉంటే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టాలి, బురద ఉన్నంతసేపు క్లోరిన్ సరిగా పనిచేయదు. గ్యాస్ ఉంటే తెర్లేదాకా కాచడం అన్నిటికన్నా నమ్మకం.

ఇక గ్యాస్. 14.2 కిలోల సిలిండరు లోపల 33.3 లీటర్లు పడుతుంది, నిండుగా ఉన్నప్పుడు కూడా మొత్తం బరువు 30 కిలోల దగ్గరే. అంటే నిండుదైనా సరే నీళ్లలో తేలుతుంది. రెగ్యులేటర్ తగిలించి ఉన్న సిలిండరు తేలి పక్కకి ఒరిగితే గొట్టం ఊడిపోతుంది. నీళ్లు వీధిలోకి రాగానే రెగ్యులేటర్ తీసి, ప్లాస్టిక్ మూత బిగించి, సిలిండర్ని డాబా మీదికి చేర్చండి, లేదా నిలువుగా కిటికీ ఊచకి తాడుతో కట్టండి. 5 కిలోల చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి ఉంటే మెట్లగదిలో తలుపులు తెరిచి వండుకోవచ్చు. రోజుకి గంట మంట చొప్పున మూడు వారాలు పైనే వస్తుంది. బియ్యం, పప్పు అరగంట నానబెట్టి, కుక్కర్ ఒక విజిల్ రాగానే దింపి, రెండు దుప్పట్లలో చుట్టి ముప్పావుగంట ఉంచండి. మిగతా ఉడుకు ఆ వేడికే ఉడుకుతుంది.

ఆవకాయ, మాగాయ ఉంటే అన్నం దిగుతుంది, కాదనను. కానీ ఉప్పు ఎక్కువ తింటే దాహం ఎక్కువ. నీళ్లు కొలిచి తాగే రోజుల్లో పచ్చడి పిల్లలకి కొసరి వేయండి.

హ్యూస్టన్_తెలుగు:

25 ఏళ్ల డబ్బాల గురించి అడిగారు కాబట్టి ఇక్కడి సంగతి రాస్తున్నాను. 2017లో హార్వీ తుపాను, 2021 ఫిబ్రవరిలో మంచు వల్ల కరెంటు పోవడం, ఆ తర్వాత టెక్సాస్‌లో చాలామంది ఫ్రీజ్ డ్రైడ్ (గడ్డకట్టించి నీరంతా తీసేసిన) తిండి డబ్బాలు కొన్నారు. వాటి మీద రాసే పాతికేళ్లు ఏసీ ఉన్న ఇంటి లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ నిల్వ కాలం సుమారు సగానికి పడిపోతుంది. ఇక్కడే గ్యారేజీలో, అటక మీద పెడితే ఎండాకాలం 50 డిగ్రీలు దాటుతుంది, ఆ హామీ ఆవిరే. విజయవాడ మేడ మీది రేకుల గదిలోనూ అంతే.

ఇంకొకటి, కొనేవాళ్లు డబ్బా మీద సర్వింగులు ఎన్ని అని చూస్తారు, చూడాల్సింది మొత్తం కేలరీలు. మొత్తం కేలరీల్ని మనుషుల సంఖ్యతో, ఆపైన 1900తో భాగించండి. ఎన్ని రోజులకి వస్తుందో తెలిసిపోతుంది. చాలాసార్లు నెల రోజుల డబ్బా నెలలో సగం కూడా రాదు. పైగా చాలావాటికి వేడి నీళ్లు కావాలి, అవే లేనప్పుడు అదేం తిండి? ఇక్కడున్న మనవాళ్లకి నేను చెప్పేది కూడా బియ్యం, పెసరపప్పు, అటుకులు, పచ్చడే. ఏసీ ఇంట్లో, చల్లటి అల్మరాలో మైలార్ బియ్యం మాత్రం నిజంగానే పాతికేళ్లకి పైగా ఉంటుంది.

వేడిచేయకుండా తినగలిగిన వండిన తిండి కావాలంటే ఇండియాలో రిటార్ట్ పౌచ్‌లు చాలా మెరుగు: పొంగలి, ఉప్మా, రాజ్మా, బిసిబేళెబాత్. మన దేశంలో సైనికుల కోసం మైసూరులోని డీఎఫ్ఆర్ఎల్ (రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల) అభివృద్ధి చేసిన పద్ధతి అది. అతికించిన పౌచ్‌ని 121 డిగ్రీల దగ్గర ఆవిరిపెడతారు కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు. పౌచ్ ఉబ్బితే, అతుకు దగ్గర తడి కనిపిస్తే రుచి కూడా చూడకుండా పారేయాలి. మనిషికి రెండేసి చొప్పున పది పెట్టుకుంటే పొయ్యిలేని రోజుల్లో ముసలివాళ్లకి ఊరట.

కాకినాడ_కిరాణా:

మీ అత్తగారి గురించి ఎవరూ రాయలేదు. బెల్లం, అటుకులు పిల్లలకి బాగానే ఉంటాయి, ఆవిడకి అటుకుల్లో పుట్నాల పొడి, వేరుశనగ కలిపి పెట్టండి, మరీ త్వరగా షుగర్ పెరగదు. అంతకన్నా ముఖ్యం పడిపోయే షుగర్. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు, ఇన్సులిన్ వాడుతూ తిండి తగ్గితే చెమటలు, వణుకు, మగత వస్తాయి. గ్లూకోజు పొడి 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు, నీళ్లలో ఇచ్చి పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. తిండి సగమైన రోజున ఏ మాత్ర ఆపాలో, ఏది తగ్గించాలో ఇప్పుడే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకుని మందుల డబ్బాలో పెట్టండి. మందులు రెండు వారాలకి ఎక్కువే ఉండాలి.

పాలకి వెన్న తీసిన పాలపొడి కొనండి, కొవ్వున్న పొడి త్వరగా వాసన వస్తుంది. పెద్ద ప్యాకెట్టు వద్దు. మన గాలికి విప్పిన రెండో రోజుకే ఉండ కడుతుంది. 200 గ్రాములవి నాలుగు పెట్టుకోండి. 100 గ్రాములకి 900 మి.లీ. కాచిన నీళ్లు కలిపితే లీటరు పాలు.

బుడమేరు_గట్టు:

చాలా ఉపయోగం అండి. ఆఖరి సందేహం: ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? మెట్లగది బాగా వేడెక్కుతుంది, కింద పెడితే మునుగుతాయి. నీళ్లు తగిలిన సరుకు కడిగి వాడొచ్చా?

డాబా_ట్యాంకు:

మామూలు రోజుల్లో కింద గదిలో అటక మీద, హెచ్చరిక రాగానే డాబా మీదికి. అందుకే పెద్ద డ్రమ్ము కొనకండి, నీళ్లలో నడుస్తూ మెట్లెక్కించలేరు. మీ సరుకుకి 15 కిలోల నూనె డబ్బా సైజు మూత డబ్బాలు మూడు నాలుగు చాలు. ఏ డబ్బా 10 కిలోల బరువు దాటకూడదు, మీ 14 ఏళ్ల పిల్లవాడో పిల్లో మోయగలగాలి. మరమరాలకి చోటెక్కువ పడుతుంది, అవి విడిగా గట్టి కవర్లో కట్టండి.

డబ్బాలు సరుకు ప్రకారం సర్దొద్దు, రోజుల ప్రకారం సర్దండి. మొదటి డబ్బాలో పొయ్యి లేని మూడు రోజులది: అటుకులు, పుట్నాలు, బెల్లం, పులిహోర పులుసు, పౌచ్‌లు, గ్లూకోజు, చాకు, చెంచాలు, గ్లాసులు. ఒక్క డబ్బానే పైకి చేర్చగలిగినా మూడు రోజులు గడవాలి. రెండోదాంట్లో బియ్యం, పప్పు, నూనె, లైటర్, అగ్గిపెట్టెలు సీసాలో. మూత చుట్టూ వెడల్పు టేపు రెండు చుట్లు వేసి, మూత మీద ఏముందో, ఏ నెలలో సర్దారో మార్కర్‌తో రాయండి. చీటీ అంటిస్తే చెమ్మకి ఊడిపోతుంది.

కరెంటు పోయిన రోజున ముందు ఫ్రిజ్‌లోవి తినేయండి. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. కూర, పెరుగు అవ్వగొట్టాకే నిల్వ డబ్బా విప్పాలి.

వరద నీరు తగిలిన బియ్యం, పప్పు, పిండి, బెల్లం, మరచుట్టు మూత ఉన్న సీసాలు, ప్యాకెట్లు ఏవీ వాడొద్దు. కడిగి ఎండబెట్టినా వద్దు. ఆ నీళ్లలో మరుగుదొడ్ల మురుగు, ఎలుకల మూత్రం, పొలాల మందులు అన్నీ కలిసి ఉంటాయి. సొట్ట, తుప్పు, ఉబ్బు లేని రేకు టిన్నుల్ని మాత్రం కాపాడొచ్చు. కాగితం పీకేసి, సబ్బుతో కడిగి, 4 లీటర్ల నీళ్లకి పెద్ద చెంచాడు ద్రవ బ్లీచ్ కలిపి అందులో పావుగంట ముంచి, ఆరబెట్టి, లోపల ఏముందో టిన్ను మీద మళ్లీ రాసుకోండి.